ప్రోటోబఫ్ పైథాన్ ప్యాకేజీలో ‘మాడ్యూల్ దొరకలేదు’: సమస్య - పరిష్కారం

సమస్య: ప్రోటోబఫ్ అంటే డేటా ఆకృతిని ‘.ప్రోటో’ ఫైలులో నిర్వచించే పద్ధతి, ఆ ఫైలు నుంచి కోడ్ తయారుచేసే కంపైలర్ పేరు ప్రోటోక్. ప్రోటోక్ తయారుచేసిన పైథాన్ ఫైళ్లు, అవి ఉన్న ఫోల్డర్ నుంచి నడిపితే చక్కగా పనిచేస్తాయి. వాటినే వీల్‌గా (ఇన్‌స్టాల్‌కు సిద్ధమైన పైథాన్ ప్యాకేజీ ఫైలుగా) కట్టి పిప్‌తో ఇన్‌స్టాల్ చేస్తే మాత్రం ఇంపోర్ట్ దగ్గరే మాడ్యూల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్ వస్తుంది.

మొదట ఎర్రర్‌లోని పేరు చదవండి. చాలామంది ఈ పని వదిలేసి పైథాన్‌పాత్‌ను (పైథాన్ మాడ్యూళ్లను వెతికే ఫోల్డర్ల జాబితాను) సవరిస్తూ గంటలు గడుపుతారు. ఆ పేరు ‘షాప్.వి1’ వంటి మీ ప్యాకేజీదే అయితే ఫైళ్లు వీల్‌లోకి చేరలేదని అర్థం. వీల్ అంటే జిప్ ఫైలే కనుక విప్పి చూడండి. ప్రోటోక్ ‘__ఇనిట్__.పీవై’ ఫైలును తయారుచేయదు, ప్యాకేజీలు కట్టే సాధనమైన సెటప్‌టూల్స్‌లోని ఫైండ్_ప్యాకేజెస్ అది లేని ఫోల్డర్‌ను లెక్కలోకి తీసుకోదు. అలాంటి మరో సాధనం హ్యాచ్‌లింగ్ అయితే గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో) ఉన్న ఫైళ్లను వదిలేస్తుంది.

పేరు ముందు ప్యాకేజీ ఏదీ లేకుండా ‘ఆర్డర్స్_పీబీ2’ అని మాత్రమే ఉంటే, అసలు చిక్కు అక్కడే ఉంది. జీఆర్‌పీసీ (వేరే సర్వర్‌లోని ఫంక్షన్లను పిలిచే వ్యవస్థ) కోసం తయారైన ఫైలు తెరిస్తే ‘ఇంపోర్ట్ ఆర్డర్స్_పీబీ2’ అనే వరుస కనిపిస్తుంది. పైథాన్ 3లో పక్క ఫైలును ఇలా నేరుగా పిలవడం కుదరదు. ఆ ఫోల్డరే సెర్చ్ పాత్‌లో ఉన్నప్పుడు మాత్రం కుదురుతుంది కాబట్టే మీ యంత్రంలో తప్పు బయటపడలేదు. ఆ వరుసను నిర్ణయించేది ప్రోటో ఫైలులోని ‘ప్యాకేజ్’ ప్రకటన కాదు, తయారైన ఫైళ్లు ఎక్కడ పడాలో చెప్పే పైథాన్_అవుట్ ఆప్షన్ కూడా కాదు. ప్రోటోక్ ప్రోటో ఫైళ్లను వెతికే చోటుగా ప్రోటో_పాత్ ఆప్షన్‌లో ఇచ్చిన ఫోల్డర్ నుంచి ప్రోటో ఫైలు ఏ దారిలో ఉందో, ఆ దారే ఇంపోర్ట్‌గా మారుతుంది.

పరిష్కారం: ప్రోటో ఫైలును ‘ప్రోటోస్/షాప్/వి1/ఆర్డర్స్.ప్రోటో’ అనే చోట పెట్టి, ప్రోటో_పాత్‌గా ‘ప్రోటోస్’ను, పైథాన్_అవుట్, జీఆర్‌పీసీ_పైథాన్_అవుట్ అనే రెండు అవుట్‌పుట్ ఆప్షన్లకూ ‘సోర్స్’ ఫోల్డర్‌ను ఇవ్వండి. ప్రోటో ఫైళ్లు ఒకదానినొకటి ఇంపోర్ట్ చేసుకునేటప్పుడు కూడా ‘షాప్/వి1/కామన్.ప్రోటో’ అని పూర్తి దారి రాయాలి. ఇప్పుడు తయారైన ఫైలులో ‘ఫ్రమ్ షాప్.వి1 ఇంపోర్ట్ ఆర్డర్స్_పీబీ2’ అని వస్తుంది.

తయారైన ఫైళ్లలోని ఇంపోర్ట్ వరుసలను సెడ్‌తో (ఫైళ్లలోని పదాలను మార్చే కమాండ్‌తో) మార్చే పద్ధతిని నేను గట్టిగా వద్దంటాను. వరుస మారినా డిస్క్రిప్టర్ పూల్‌లో (ప్రోటోబఫ్ తన నిర్వచనాలన్నిటినీ ఉంచుకునే పట్టికలో) ఫైలు పాత పేరుతోనే నమోదవుతుంది. రెండు లైబ్రరీలు వేర్వేరు నిర్వచనాలతో ‘కామన్.ప్రోటో’ అనే ఒకే పేరును నమోదు చేస్తే, రెండూ కలిసి లోడయిన రోజున టైప్ఎర్రర్ వస్తుంది.

‘డిస్క్రిప్టర్స్ కెనాట్ బి క్రియేటెడ్ డైరెక్ట్‌లీ’ అనే ఎర్రర్ వస్తే తయారైన కోడ్ పాతది, రన్‌టైమ్ (ఇన్‌స్టాల్ చేసిన ప్రోటోబఫ్ లైబ్రరీ) కొత్తది అని అర్థం, 3.19.0 లేదా ఆపై ప్రోటోక్‌తో మళ్లీ తయారుచేయండి.