గేజ్ ఒక మాట, ల్యాప్‌టాప్ ఒక మాట: ఈసీయూ ట్యూనింగ్‌లో మిశ్రమం కుదరనప్పుడు

ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ట్యూనింగ్ కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నా దగ్గరికి తెచ్చే ఫిర్యాదు దాదాపు ఒకటే. "ఆటోట్యూన్ నాలుగుసార్లు నడిపాను. లాగ్‌లో ఏఎఫ్ఆర్ చక్కగా టార్గెట్ మీదే ఉంది. కానీ సైలెన్సర్ నుంచి పెట్రోలు వాసన, ప్లగ్గులు విప్పితే మసి." (ఏఎఫ్ఆర్ అంటే గాలికీ పెట్రోలుకూ ఉన్న నిష్పత్తి. ఆటోట్యూన్ అంటే దాన్ని చూసి సాఫ్ట్‌వేర్ తనే పెట్రోలు సరిదిద్దడం.) ఆ వెంటనే ల్యాప్‌టాప్ తెరిచి వీఈ టేబుల్, అంటే ఎప్పుడు ఎంత పెట్రోలు పోయాలో ఈసీయూ లెక్క కట్టే పట్టిక, చూపిస్తారు. నేను టేబుల్ చూడను. బండి స్టార్ట్ చేయమని, డాష్‌బోర్డు మీద వైడ్‌బ్యాండ్ గేజ్ (ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సర్ నుంచి ఏఎఫ్ఆర్ చూపేది) ఎంత చూపిస్తోందో, అదే క్షణంలో ల్యాప్‌టాప్‌లో ఎంత ఉందో రెండూ పైకి చదవమంటాను. చాలామంది అప్పటిదాకా ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసి ఉండరు.

లాగ్ ఎలా తీయాలో, ఇంజెక్టర్ సైజు ఎక్కడ కొట్టాలో, వీఈ టేబుల్‌లో ఏ గడి ఎప్పుడు పనిచేస్తుందో మీకు తెలుసనే అనుకుని రాస్తున్నాను.

టేబుల్ ముట్టుకునే ముందు

మొదటిది టైమింగ్ లైట్. ఈసీయూలో ఇగ్నిషన్ టైమింగ్‌ను 10 డిగ్రీల దగ్గర లాక్ చేసి, క్రాంక్ పుల్లీ మీద కూడా 10 గుర్తే కనిపిస్తోందా చూడండి. 14 కనిపిస్తే, స్క్రీన్ మీద మీరు చూసే ప్రతి అంకె కన్నా ఇంజిన్ 4 డిగ్రీలు ముందే నిప్పు పెడుతోందన్నమాట. ట్రిగ్గర్ ఆఫ్‌సెట్ (క్రాంక్ ఎక్కడుందని ఈసీయూ అనుకుంటోందో చెప్పే సెట్టింగు) సరిచేసి, లాక్ అలాగే ఉంచి 3000 ఆర్‌పీఎం దగ్గర మళ్లీ చూడండి. గుర్తు కదలకూడదు. "సాఫ్ట్‌వేర్‌లో 10 అనే ఉంది కదా" అంటారు. సాఫ్ట్‌వేర్‌కు పుల్లీ కనపడదు.

రెండోది, ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఆక్సిజన్ సెన్సర్ కరెక్షన్‌ను ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే టేబుల్‌లోని తప్పును ఎప్పటికప్పుడు సర్దేస్తుంది, మీకు తప్పు కనపడదు.

లక్షణం: లాగ్ బాగుంది, బండి బాగాలేదు

గేజ్ 13.7 అంటోంది, లాగ్ 14.7 అంటోంది. లేదా గేజ్‌లో అంకె నిలకడగా ఉంది, లాగ్‌లో గీత వణుకుతోంది. లేదా రాత్రి చేసిన ట్యూన్ పొద్దున్నే పనికిరావడం లేదు. ఈ మూడింటికీ కారణం ఎక్కువసార్లు ఒకటే, వైడ్‌బ్యాండ్ కంట్రోలర్ (సెన్సర్‌ను నడిపే పరికరం) ఎర్త్.

వైడ్‌బ్యాండ్ కంట్రోలర్ అనలాగ్ వైరు మీద ఈసీయూకు ఏఎఫ్ఆర్ చెప్పదు, వోల్టేజీ చెబుతుంది. 0 వోల్టులకు 10, 5 వోల్టులకు 20 అనే లెక్కతో పనిచేసే కంట్రోలర్ అయితే 14.7కు 2.35 వోల్టులు పంపుతుంది. ఆ 2.35ను అది కొలిచేది తన ఎర్త్ నుంచి, ఈసీయూ చదివేది తన ఎర్త్ నుంచి. రెండు ఎర్త్‌లూ ఒకే మట్టంలో ఉంటేనే ఆ అంకె క్షేమంగా చేరుతుంది. ఎర్త్ అంటే సున్నా అని మనం బొమ్మల్లో గీసుకుంటాం. కారులో మాత్రం ఎర్త్ అంటే ఒక వైరు, ఒక రింగు, ఒక బోల్టు, దాని కింద పెయింటు, పెయింటు కింద కొంచెం తుప్పు. వీటిలో ప్రతిదానికీ ఎంతోకొంత రెసిస్టెన్స్ ఉంటుంది.

ఇప్పుడు వైడ్‌బ్యాండ్ సెన్సర్ లోపలి హీటర్ 2 ఆంపియర్లు లాగుతోందనుకోండి. ఆ కరెంటు తిరిగి వెళ్లే దారిలో 0.1 ఓమ్ ఉంటే, కంట్రోలర్ ఎర్త్ 0.2 వోల్టులు పైకి లేస్తుంది. అది పంపే సిగ్నల్ కూడా దాంతోపాటే 0.2 లేస్తుంది. ఈసీయూకు 0.4 ఏఎఫ్ఆర్ లీన్‌గా, అంటే పెట్రోలు తక్కువైనట్టు, కనిపిస్తుంది. గేజ్ తన లెక్క తనే చేసుకుంటుంది కాబట్టి దానికి ఈ తేడా అంటదు. ఇక ఆటోట్యూన్ దాని పని అది చేస్తుంది: లీన్‌గా ఉంది, పెట్రోలు పెంచు. ఇంకా లీన్‌గా ఉంది, ఇంకా పెంచు.

పోనీ తేడా ఎప్పుడూ ఒకేలా ఉంటుందా అంటే, అదీ కాదు. ఐడ్లింగ్‌లో ఎగ్జాస్ట్ గ్యాస్ చల్లగా ఉంటుంది, హీటర్ ఎక్కువ పనిచేస్తుంది, తేడా ఎక్కువ. గట్టిగా రేస్ ఇచ్చినప్పుడు గ్యాస్ వేడే సెన్సర్‌ను వేడిగా ఉంచుతుంది, హీటర్ తగ్గుతుంది, తేడా తగ్గుతుంది. దాంతో వీఈ టేబుల్ ఆకారమే ఒక మూల వంగిపోతుంది. చూసినవాళ్లు కామ్‌షాఫ్ట్ స్వభావం అలాంటిదేమో అనుకుంటారు.

నేను కూడా దీనికి బలయ్యాను. సాయంత్రాలు ఖాళీ దొరికేది కాబట్టి నా బండి ట్యూన్ అంతా చీకటి పడ్డాకే చేశాను. రాత్రి టేబుల్ నున్నగా కుదిరేది. పొద్దున్న తీస్తే లాగ్ నిండా రిచ్ (పెట్రోలు ఎక్కువ). పగలు ఆటోట్యూన్ నడిపితే పెట్రోలు తగ్గించేది, రాత్రికి మళ్లీ లీన్ అని పెంచేది. రాత్రి గాలి చల్లగా, చిక్కగా ఉంటుంది కదా, ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత కరెక్షన్ తప్పై ఉంటుందని తీర్మానించుకుని వారం రోజులు ఆ టేబుల్‌ను పీకి పందిరి వేశాను. సిద్ధాంతం బాగానే ఉంది, అందుకే అంతకాలం నమ్మాను.

చివరికి ఒక రోజు పగలే బండి ఐడ్లింగ్‌లో ఉండగా అద్దం మీద ఆవిరి పట్టిందని బ్లోయర్ ఫుల్‌లో పెట్టాను. ల్యాప్‌టాప్‌లో ఏఎఫ్ఆర్ గీత ఒక్కసారిగా మెట్టు ఎక్కినట్టు ఒక పాయింటు పైకి లేచింది. గేజ్ కదలలేదు. బ్లోయర్ ఆపాను, గీత దిగింది. స్టీరింగ్ కింద కార్పెట్ ఎత్తి చూస్తే, కంట్రోలర్ నల్ల వైరును డాష్‌బోర్డు బ్రాకెట్ బోల్టుకు బిగించి ఉంది. బ్లోయర్ ఎర్త్ కూడా ఆ బోల్టుకే. బోల్టు కింద ఫ్యాక్టరీ పెయింటు చెక్కు చెదరలేదు. బ్లోయర్ ఫుల్ స్పీడులో 10 ఆంపియర్లకు పైనే లాగుతుంది. ఆ దారిలో 0.05 ఓమ్ ఉంటే చాలు, అర వోల్టు తేడా వస్తుంది. మా లెక్కలో అర వోల్టు అంటే సరిగ్గా ఒక ఏఎఫ్ఆర్ పాయింటు. రాత్రిళ్లు నేను బ్లోయర్, హెడ్‌లైట్లు వేసుకుని ట్యూన్ చేసేవాణ్ని. బిగించింది ఎవరని అడక్కండి, ఆ వైరు నేనే బిగించాను.

నా అదృష్టం, తప్పు రిచ్ వైపు జరిగింది. కంట్రోలర్ ఎర్త్ బాగుండి ఈసీయూ ఎర్త్ లూజుగా ఉంటే కథ తిరగబడుతుంది. లాగ్ రిచ్ చూపిస్తుంది, మీరు పెట్రోలు తగ్గిస్తూ పోతారు, టర్బో బండి అయితే బూస్ట్‌లో (టర్బో గాలిని నెట్టేటప్పుడు) నిజంగా లీన్ అయి పిస్టన్ కరిగేదాకా తెలియదు.

ఎలా పట్టుకోవాలి

ఇంజిన్‌ను 2500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా ఉంచి గేజ్, లాగ్ రెండూ రాసుకోండి. రేస్ ఇచ్చి వదిలేటప్పుడు పోల్చకండి, గేజ్ డిస్‌ప్లే కొంచెం ఆలస్యంగా కదులుతుంది. తర్వాత టార్గెట్ మార్చి రిచ్‌గా ఒకచోట, లీన్‌గా ఒకచోట అదే కొలత తీయండి. గేజ్ 12.0 ఉన్నప్పుడు లాగ్ 12.5, గేజ్ 15.0 ఉన్నప్పుడు లాగ్ 15.5 అయితే, తేడా రెండుచోట్లా ఒకటే కాబట్టి ఎర్త్‌నే అనుమానించండి. ఒకచోట 0.2, ఇంకోచోట 1.0 అయితే ఎర్త్ కాదు, ఈసీయూలో మీరు ఎంచుకున్న సెన్సర్ కాలిబ్రేషన్ వేరే మోడల్‌ది. కంట్రోలర్ మాన్యువల్‌లో ఉన్న రెండు వోల్టేజీలు, రెండు ఏఎఫ్ఆర్‌లు చూసి చేత్తో కొట్టండి. గేజ్ మామూలు పెట్రోలుకు 14.7 లెక్కలో, ఈసీయూ ఇథనాల్ కలిసిన పెట్రోలుకు 14.1 లెక్కలో ఉన్నా ఇలాగే తేడా వస్తుంది. రెండిటినీ లాంబ్డాలో (ఏ ఇంధనమైనా సరైన మిశ్రమాన్ని 1గా చూపే లెక్కలో) పెట్టుకుంటే ఆ గోల ఉండదు.

తర్వాత మల్టీమీటర్‌ను డీసీ మిల్లీవోల్టుల్లో పెట్టండి. ఎర్ర ప్రోబ్ కంట్రోలర్ ఎర్త్ వైరు దగ్గర, నల్ల ప్రోబ్ ఈసీయూ సెన్సర్ ఎర్త్ దగ్గర. ఇంజిన్ నడుస్తూ ఉండాలి, వైడ్‌బ్యాండ్ పనిచేస్తూ ఉండాలి. ఇంజిన్ ఆపి ఓమ్‌లలో కొలిస్తే దాదాపు సున్నానే చూపిస్తుంది, మీరు నమ్మి మోసపోతారు. ఇప్పుడు హెడ్‌లైట్లు, బ్లోయర్, రేడియేటర్ ఫ్యాన్ ఒక్కొక్కటే వేయండి. 10, 20 మిల్లీవోల్టుల దగ్గర ఆగితే వదిలేయండి. 100 దాటితే అక్కడే 0.2 ఏఎఫ్ఆర్ పోయింది.

సరిచేయడం

కంట్రోలర్‌కు హీటర్ ఎర్త్, సిగ్నల్ ఎర్త్ విడివిడిగా ఉంటే, హీటర్ ఎర్త్‌ను ఇంజిన్ బ్లాక్‌కు, సిగ్నల్ ఎర్త్‌ను ఈసీయూ సెన్సర్ ఎర్త్‌కు ఇవ్వండి. తారుమారు చేయొద్దు. హీటర్ కరెంటు సెన్సర్ ఎర్త్‌లోకి వెళితే థ్రాటిల్, కూలెంట్, గాలి ఉష్ణోగ్రత సెన్సర్లన్నీ కలిసి అబద్ధాలు మొదలుపెడతాయి. ఒకే ఎర్త్ వైరు ఉన్న కంట్రోలర్ అయితే దాన్ని ఈసీయూ పవర్ ఎర్త్ బిగించిన బోల్టుకే బిగించండి. బోల్టు కింద పెయింటు గీకి, లోహం మెరిసేదాకా రుద్ది, అప్పుడు రింగు పెట్టండి. రెండు పరికరాలకూ క్యాన్ (పరికరాలు డిజిటల్‌గా మాట్లాడుకునే లైను) ఉండి ఒకదాని భాష ఒకదానికి తెలిస్తే ఇంకా మంచిది, అంకె డిజిటల్‌గా వెళుతుంది, ఈ తలనొప్పే ఉండదు.

సాఫ్ట్‌వేర్‌లో 0.5 తీసేస్తే సరిపోతుంది కదా అని అడుగుతారు. సరిపోదు. ఫ్యాన్ ఆన్ అయిన క్షణంలో మీ 0.5 కాస్తా 0.9 అవుతుంది.

ఎర్త్ సరైంది కదా అని పాత టేబుల్ మీదే ఆటోట్యూన్ కొనసాగించొద్దు. ఆటోట్యూన్ మొదలుపెట్టకముందు సేవ్ చేసుకున్న ఫైలుకు వెళ్లి అక్కణ్నుంచి మొదలుపెట్టండి.

లక్షణం: ఫ్యాన్ ఆన్ అవగానే ఐడ్లింగ్ తడబడుతోంది, గేజ్ కూడా కదులుతోంది

పైదానిలాగే కనిపిస్తుంది గానీ ఇది వేరు. గేజ్ కూడా లీన్ అయిందంటే మిశ్రమం నిజంగానే లీన్ అయింది. వోల్టేజీ తగ్గగానే ఇంజెక్టర్ తెరుచుకోవడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది, ఆ డెడ్ టైమ్ మీ ఈసీయూలో తప్పుగా ఉంది. ఐడ్లింగ్‌లో ఇంజెక్టర్ పల్స్ (దాన్ని తెరిచి ఉంచే సమయం) 2 మిల్లీసెకన్ల చుట్టూ ఉంటే 0.2 తేడా అంటే పదోవంతు. ఫుల్ లోడ్‌లో 12 మిల్లీసెకన్లు ఉన్నప్పుడు అదే 0.2 లెక్కలోకి రాదు. ఇంజెక్టర్ తయారీదారు ఇచ్చిన వోల్టేజీ పట్టిక వేసుకోండి. వేరేవాళ్ల ఫైలులోంచి ఎత్తుకొచ్చింది వద్దు.

లక్షణం: ఐడ్లింగ్‌లో మాత్రమే లీన్, పెట్రోలు పెంచేకొద్దీ ఇంకా లీన్

మిస్‌ఫైర్. కాలని పెట్రోలుతోపాటు కాలని ఆక్సిజన్ కూడా బయటికి వస్తుంది, సెన్సర్‌కు కనిపించేది ఆక్సిజనే. ప్లగ్గులు, కాయిల్స్ చూడండి, పెట్రోలు తగ్గించి చూడండి. మిస్ కొట్టడం లేదంటే సెన్సర్‌కు ముందు ఎగ్జాస్ట్ గ్యాస్కెట్ దగ్గర లీకేజీ ఉంటుంది, ఎగ్జాస్ట్ పల్స్‌కూ పల్స్‌కూ మధ్య బయటి గాలి లోపలికి వస్తుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు గ్యాస్కెట్ చుట్టూ నల్లటి మసి చార కనిపిస్తుంది.

మిగతావి

రేస్ ఇచ్చిన క్షణంలో గుటక వేసినట్టు ఆగితే యాక్సిలరేషన్ ఎన్‌రిచ్‌మెంట్ (రేస్ ఇచ్చినప్పుడు అదనంగా పోసే పెట్రోలు) తక్కువగా ఉంది. వీఈ టేబుల్ కుదిరాకే దాని జోలికి వెళ్లండి. వైడ్‌బ్యాండ్ సెన్సర్ చచ్చిపోవడం ఉంటుంది, కానీ అప్పుడు సాధారణంగా గేజ్ కూడా పిచ్చిగా మాట్లాడుతుంది. మ్యాప్ సెన్సర్ (ఇన్‌టేక్ ప్రెషర్ కొలిచేది) హోస్ చిట్లడం, ఇంజెక్టర్ ఓ-రింగు పోవడం చూశాను, వేళ్ల మీద లెక్కపెట్టేన్నిసార్లు. ఈసీయూ పాడైందేమో అని పెట్టె విప్పినవాళ్లను మాత్రం చాలామందిని చూశాను. మళ్లీ బిగించేటప్పుడు వాళ్లలో కొందరు ఎర్త్ వైరును వేరే బోల్టుకు పెట్టడంతో బండి బాగైపోయింది, పెట్టె విప్పడం వల్లే బాగైందని ఇప్పటికీ చెబుతుంటారు.