పాముల మేతకు ఇంట్లో ఎలుకలు పెంచేవాళ్ళు ఎండాకాలానికి ముందే చూసుకోవాల్సిన జాగ్రత్తలు

2025 ఫిబ్రవరిలో న్యూ మెక్సికోలో నటుడు జీన్ హాక్‌మన్ భార్య బెట్సీ అరకావా ఎలుకల నుంచి సోకే హాంటా వైరస్‌తో చనిపోయారు. పిల్లాడు ముచ్చటపడ్డాడని బాల్ పైథానో, కార్న్ స్నేకో తెచ్చి, దాని మేతకు గరాజ్‌లో ఎలుకలు పెంచుతున్న మనవాళ్ళు అమెరికాలో చాలామందే ఉన్నారు. ఆ వార్త వచ్చాక వాళ్ళంతా ఒకటే అడిగారు: "అది బయటి ఎలుకలతో వచ్చేది కదండీ, మన తెల్ల ఎలుకలకేం భయం?"

అందులో సగమే నిజం. న్యూ మెక్సికోలో ఆ జబ్బును మోసేది డీర్ మౌస్ అనే బయటి ఎలుకే. కానీ హాంటాల్లోనే సియోల్ వైరస్ అని ఇంకొకటుంది. అది మనం టబ్బుల్లో పెంచే జాతి ఎలుకల్లోనే బతుకుతుంది. 2016 డిసెంబరులో విస్కాన్సిన్‌లో ఇంట్లో ఎలుకలు పెంచే ఒకరు జ్వరంతో ఆసుపత్రిలో చేరితే ఆ సంగతి బయటపడింది. ఆరా తీస్తూ పోతే 11 రాష్ట్రాల్లో 31 చోట్ల తేలింది. అమ్మిన, కొన్న, ఇచ్చిపుచ్చుకున్న ఎలుకల వెంటే అది అన్ని ఊళ్ళు తిరిగింది.

ఒక మాట ముందే చెప్పాలి. ఇది ఇక్కడ చట్టప్రకారం పాములు పెంచుకునేవాళ్ళ కోసం రాస్తున్నది. ఇండియాలో నాగుపామునో, జెర్రిపోతునో, కొండచిలువనో ఇంట్లో ఉంచుకోవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద నేరం. అక్కడ ఇది చదివి ఎవరూ మొదలుపెట్టకండి.

గ్లవ్స్ వేసుకోండి, చేతులు కడుక్కోండి అని చెప్పడానికి ఇంత రాయక్కర్లేదు. అవి మీకు తెలుసు. పెంపకాలు మూతపడటానికీ, ఇంట్లోవాళ్ళు ఆసుపత్రుల చుట్టూ తిరగడానికీ కారణమైన తప్పు నేను చూసినంతలో ఒక్కటే. కొత్తగా తెచ్చిన ఎలుకను అదే రోజు పాతవాటిలో కలిపేయడం.

ఎందుకు కలుపుతారో నాకు తెలుసు. వేసవిలో రెప్టైల్ ఎక్స్‌పోలు, అంటే పాములు, బల్లులు, వాటి మేత అమ్మే సంతలు జరుగుతాయి. అక్కడ మంచి ఈడు ఆడ ఎలుకలు చవగ్గా దొరుకుతాయి. ఇంటికొచ్చేసరికి రాత్రవుతుంది, ఖాళీ టబ్బు ఉండదు. పైగా ఎలుక ఒంటరిగా ఉండలేదని అందరూ అంటారు. చూస్తే కళ్ళు మెరుస్తున్నాయి, బొచ్చు నిగనిగలాడుతోంది, ముక్కు శుభ్రంగా ఉంది. దీనికేం జబ్బుంటుందిలే అనుకుని కలిపేస్తారు.

సియోల్ సోకిన ఎలుక కూడా సరిగ్గా అలాగే ఉంటుంది. దానికి జ్వరం రాదు, నీరసం రాదు, పిల్లల్ని మామూలుగానే పెడుతుంది. మూత్రంలో, పెంటలో, లాలాజలంలో వైరస్‌ను మాత్రం బతికినంతకాలం వదులుతూనే ఉంటుంది. అందుకే మీ కంటి చూపును నమ్మొద్దంటున్నాను. మనుషుల్లో కొందరికి ఏమీ తెలియకుండానే పోతుంది, కొందరికి మూత్రపిండాలు దెబ్బతింటాయి.

పైకి కనిపించే జబ్బుల సంగతీ అంతే. మైకోప్లాస్మా అనే ఊపిరితిత్తుల జబ్బు ఉన్న ఎలుక తెచ్చిన రోజున ఒక్క తుమ్ము కూడా తుమ్మకపోవచ్చు. కొన్నాళ్ళకి టబ్బుల ర్యాక్ మొత్తం గురకలు, తుమ్ములు, కళ్ళ చుట్టూ ఎర్రటి మరకలు మొదలవుతాయి. నాకు తెలిసిన ఒక కుటుంబం ఏళ్ళ తరబడి తీర్చిదిద్దుకున్న ఎలుకల వంశాన్ని మొత్తం చంపేసుకోవాల్సి వచ్చింది. టబ్బులు కూడా పారేశారు. కారణం ఒక స్నేహితుడి దగ్గర నాలుగు రోజులకు అరువు తెచ్చిన మగ ఎలుక. అరువు మగది కూడా కొత్త ఎలుకే. మీదే అయినా సరే, ఎక్స్‌పోకి తీసుకెళ్ళి వెనక్కి తెచ్చారంటే అదీ కొత్త ఎలుకే.

ఏం చేయాలి? వేరే గదిలో, వేరే గాలిలో, కనీసం నాలుగు వారాలు విడిగా ఉంచాలి. అదే గరాజ్‌లో ఇంకో మూల సరిపోదు. ఒంటరితనం బాధ అనుకుంటే ఒకే చోట నుంచి రెండు తెచ్చి ఆ రెండింటినీ కలిపి ఉంచండి. రోజూ ముందు పాతవాటి పని ముగించాకే కొత్తవాటి దగ్గరకి వెళ్ళండి. అటు వెళ్ళాక మళ్ళీ ఇటు రావొద్దు. వాటి గ్లవ్స్, గిన్నె, చీపురు అన్నీ వేరు. నాలుగు వారాల తర్వాత వెటర్నరీ డాక్టర్ చేత రక్తం తీయించి సియోల్ పరీక్ష చేయించండి. తెచ్చిన వెంటనే చేయిస్తే ఉపయోగం లేదు, రక్తంలో యాంటీబాడీలు కనిపించడానికి సమయం పడుతుంది. పరీక్ష ఖర్చు ఎలుక ధరకన్నా ఎక్కువే. అయినా చేయించండి. అంత ఖర్చు దేనికి అనిపిస్తే కొత్త ఎలుకను కొనకండి.

ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంటే లెక్క పూర్తిగా మారిపోతుంది. చిట్టెలుకలు (మైస్) ఎల్‌సీఎంవీ అనే మరో వైరస్‌ను మోస్తాయి. మామూలు మనిషికి అది ఫ్లూ లాగా వచ్చి పోవచ్చు, లేదా మెదడు పొరల వాపు తెస్తుంది. గర్భిణికి సోకితే గర్భం పోవచ్చు, పుట్టే బిడ్డ మెదడూ కళ్ళూ దెబ్బతినొచ్చు. 2012లో ఇండియానాలో పాముల మేతకు ఎలుకలు పెంచి అమ్మే ఒక చోట పరీక్షలు చేస్తే, పనిచేసిన 52 మందిలో 13 మందికి ఆ వైరస్ సోకినట్టు తేలింది. కోడలు నీళ్ళోసుకుందని తెలిసిన రోజే ఎలుకల్ని ఇంట్లోంచి వేరే చోటికి పంపించేయండి. తొమ్మిది నెలలు పాముకి ఫ్రోజెన్ ఎలుకలు కొని పెట్టండి. "నేను ముట్టుకోవట్లేదు కదా" అని ఆమె అన్నా వినకండి. ఆ దుమ్ము గాలిలో కూడా వస్తుంది.

దుమ్ము అన్నాను కాబట్టి శుభ్రం చేయడం గురించి. పొడిగా ఊడవొద్దు, వాక్యూమ్ పెట్టొద్దు. తలుపులు తెరిచి అరగంట గాలి ఆడనిచ్చి, ముందు తడపండి, తర్వాత తుడవండి. గాలన్ నీటికి ఒకటిన్నర కప్పు బ్లీచ్ కలిపి, ఐదు నిమిషాలు నాననివ్వాలి. కానీ మూత్రం ఘాటు కొట్టే టబ్బు మీద నేరుగా బ్లీచ్ పోయొద్దు. అమ్మోనియాతో కలిసి విషవాయువు పుడుతుంది. ముందు సబ్బునీళ్ళతో కడిగి పారబోసి, అప్పుడు బ్లీచ్ వాడండి. కళ్ళు మండేంత ఘాటు వచ్చిందంటే మీరు టబ్బు ఎప్పుడో మార్చాల్సింది.

ఇక ఎండ. ఎలుకకు చెమట పట్టదు. దానికి సరిపోయేది 68 నుంచి 79 డిగ్రీల ఫారెన్‌హీట్. జులైలో డాలస్ గరాజ్ మధ్యాహ్నానికే 100 దాటుతుంది. తల్లులూ పిల్లలూ ఒక్క పూటలో పోతాయి. మే లోపే లోపలి గదిలోకి మార్చండి. అయితే సెంట్రల్ ఏసీ గాలిని వెనక్కి పీల్చుకునే గ్రిల్ ఉన్న గది మాత్రం వద్దు. ఆ దుమ్మూ, వాసనా మీ పిల్లలు పడుకునే గదులకి చేరతాయి. ఉబ్బసం ఉన్న పిల్లాడున్న ఇంట్లో అసలు పెంచకండి.

జూన్‌లో ఇండియా వెళ్ళేవాళ్ళు లెక్క ఇప్పుడే వేసుకోవాలి. ఎలుక మోసేది 21 నుంచి 23 రోజులు. ఈనిన మర్నాటికే మళ్ళీ చూలు కట్టగలదు. పిల్లలు తల్లిని వదిలేది మూడు వారాలకి. జూన్ రెండో వారంలో విమానం అంటే ఏప్రిల్ 20కల్లా మగవాటిని విడదీయాలి. విడిచిన పిల్లల్లో మగా ఆడా అప్పుడే వేరు చేయండి, అయిదు వారాలకే అవి కూడా ఎదుగుతాయి. పక్కింటివాళ్ళకి అప్పగించేటప్పుడు వాళ్ళింట్లో ఎవరైనా కడుపుతో ఉన్నారేమో అడగండి. సిగ్గుపడకుండా అడగండి.

మిగతావి వరసగా చెప్పేస్తాను.

మేతకు చంపిన ఎలుకల్ని ఇంటి ఫ్రిజ్‌లో పెట్టొద్దు. కవర్‌లో చుట్టినా సరే, గోంగూర, కరివేపాకు పక్కన వాటికి చోటు లేదు. వేరే చిన్న ఫ్రీజర్ కొనండి.

ఫ్రీజర్‌లో పెడితే సాల్మొనెల్లా చావదు. 2010లో అమెరికాలో చాలా రాష్ట్రాల్లో జనం జబ్బుపడింది ఫ్రోజెన్ ఎలుకల వల్లే.

వంటింటి సింకులో కరిగించొద్దు. మైక్రోవేవ్ వద్దు.

అయిదేళ్ళలోపు పిల్లల చేత పాముకి తినిపించొద్దు, ఫోటో కోసమైనా.

బతికిన ఎలుకను పాము దగ్గర వదిలి వెళ్ళొద్దు. పాముకి ఆకలి లేకపోతే తెల్లారేసరికి ఎలుకే దాన్ని కొరికి పెడుతుంది.

బతికుండగా ఫ్రీజర్‌లో పడేయొద్దు. అది చంపడం కాదు, హింసించడం. చంపే పద్ధతి వెటర్నరీ డాక్టర్ దగ్గర నేర్చుకోండి. పింకీల (అప్పుడే పుట్టిన, బొచ్చు రాని పిల్లల) మీద కార్బన్ డయాక్సైడ్ త్వరగా పనిచేయదు, చచ్చాయనుకుంటే మళ్ళీ కదులుతాయి. డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) ఇంట్లో వాడొద్దు.

టబ్బుల్లో పరవడానికి దేవదారు పొట్టు వద్దు. ఆస్పెన్ పొట్టు వాడండి.

దాణా మూతున్న ఇనుప డబ్బాలో ఉంచండి. సంచిలో ఉంచితే బయటి చిట్టెలుక వస్తుంది, ఎల్‌సీఎంవీ దానితోనే వస్తుంది. బోనులో పడిన బయటి ఎలుకను పాముకి వేయొద్దు.

ఎక్కువైపోయాయని కాలువ పక్కన వదలొద్దు.

కొత్త ఎలుకను పాతవాటిలో కలపొద్దు. అమ్మినవాడు ప్రమాణం చేసినా కలపొద్దు. అన్నయ్య ఇంటి ఎలుకైనా కలపొద్దు. ఒక్క రాత్రికైనా కలపొద్దు.

ఎలుక కరిస్తే, గీరితే సబ్బుతో బాగా కడిగి తేదీ రాసిపెట్టుకోండి. మూడు వారాల్లోపు జ్వరం, కీళ్ళ నొప్పులు, దద్దుర్లు వస్తే అది ర్యాట్ బైట్ ఫీవర్ కావచ్చు. సమయానికి పెన్సిలిన్ పడితే తగ్గిపోతుంది. 2013లో శాన్ డియాగోలో పదేళ్ళ పిల్లాడు పెంపుడు ఎలుక వల్ల వచ్చిన ఈ జబ్బుతోనే చనిపోయాడు.

ఏ జ్వరానికి వెళ్ళినా డాక్టరుకి మొదటి మాటగా "ఇంట్లో ఎలుకలు పెంచుతున్నాం" అని చెప్పండి. మనవాళ్ళు నామోషీగా ఉంటుందని దాచేస్తున్నారు. ఇండియాలో దిగాక జ్వరం వచ్చినా అక్కడి డాక్టరుకీ ఇదే చెప్పండి. సియోల్ వారం రెండు వారాల్లో బయటపడుతుంది, ఒక్కోసారి ఎనిమిది వారాలు కూడా పడుతుంది. మీరు చెప్పకపోతే వాళ్ళు డెంగీకీ, టైఫాయిడ్‌కీ రక్తం తీసి పంపిస్తారు.