పెంపుడు జంతువులున్న ఇంటికి ఫ్లోరింగ్: పలక కన్నా ముందు జాయింటు చూడండి

కుక్కో పిల్లో ఉన్నవాళ్లు ఫ్లోరింగ్ మార్చాలని నా దగ్గరకు వస్తే ముందే రంగులు, డిజైన్లు చూపించను. కుక్క వయసెంత, బరువెంత, పిల్లి ఎక్కువగా ఏ మూలన తిరుగుతుంది, ఎండ నేరుగా పడే గది ఏది అని అడుగుతాను. ఇళ్లకు ఫ్లోరింగ్ వేయించడం నా పని. మా ఇంట్లోనూ ఒక ముసలి లాబ్రడార్, రెండు పిల్లులు ఉన్నాయి. పాడైన నేలలు తవ్వించినప్పుడల్లా కనిపించేది ఒకటే. పలక పైభాగం చెక్కుచెదరకుండా ఉంటుంది. కంపు, నలుపు, ఉబ్బు అన్నీ జాయింట్ల కింద, గోడ వారన, గడప దగ్గర బయటపడతాయి. అందుకే ఎంచుకునేటప్పుడు కూడా అదే వరసలో చూడమంటాను. ముందు జాయింటు, తర్వాత అంచు, ఆ తర్వాత జంతువు కాలికి దొరికే పట్టు. అందం సంగతి ఈ మూడూ తేలాకే.

మూత్రం అంటే ఉత్త నీళ్లు కాదు

నీళ్లు ఒలికితే ఆరిపోతాయి. మూత్రం ఆరిపోయినట్టు కనిపిస్తుంది గానీ అందులోని పదార్థాలు అక్కడే ఉండిపోతాయి. కుక్క, పిల్లి మూత్రం అప్పుడే పడినప్పుడు సాధారణంగా కొంచెం ఆమ్ల గుణంతో ఉంటుంది. తుడవకుండా వదిలేస్తే బ్యాక్టీరియా అందులోని యూరియాను అమ్మోనియాగా మారుస్తుంది, అప్పుడది క్షారంగా మారుతుంది. అంటే మన నేల ఒకసారి ఆమ్లాన్ని, మరోసారి క్షారాన్ని తట్టుకోవాలి. పిల్లి మూత్రంలో ఫెలినిన్ అనే పదార్థం కూడా ఉంటుంది. అది విడిపోయేకొద్దీ గంధకం కలిసిన ఘాటు వాసన వస్తుంది. ఆపరేషన్ చేయించని మగ పిల్లుల్లో ఇది మరీ ఎక్కువ. ఆ వాసన మనకు తెలియకపోయినా పిల్లికి తెలుస్తుంది, మళ్లీ అదే చోటికి వెళ్తుంది. కాబట్టి జాయింటులోకి ఒక్కసారి ఇంకితే ఆ చోటు దానికి అలవాటైపోతుందని అనుకోవాలి.

‘వాటర్‌ప్రూఫ్’ అని పెట్టె మీద రాసి ఉంటే ఆ మాట ఆ పలకకు మాత్రమే వర్తిస్తుంది. పలకకూ పలకకూ మధ్య సందుకు, పలకకూ గోడకూ మధ్య ఖాళీకి అది హామీ కాదు. షాపులో అడగాల్సిన ప్రశ్న ‘ఇది తడికి ఆగుతుందా’ అని కాదు, ‘దీని జాయింటు మీద నీళ్లు రాత్రంతా నిలిస్తే కిందకు దిగుతాయా’ అని.

టైల్స్ వేయాలనుకుంటే

నన్ను ఒక్కటే చెప్పమంటే మ్యాట్ ఫినిష్ విట్రిఫైడ్ టైల్స్, ఎపాక్సీ గ్రౌట్ అంటాను. గ్రౌట్ అంటే టైల్స్ మధ్య సందుల్లో నింపే పదార్థం. విట్రిఫైడ్ టైలు పీల్చే నీరు దాని బరువులో 0.5 శాతానికి మించదు. గోడలకు వేసే మామూలు సిరామిక్ టైలు 10 శాతం పైన కూడా పీలుస్తుంది. తేడా మీరే చూడొచ్చు. శాంపిల్‌ను తిప్పి వెనక వైపు నాలుగు చుక్కల నీళ్లు పోయండి. చుక్క నిలిచి ఉంటే మంచిది. చూస్తుండగానే మాయమైతే అది నేలకు వద్దు.

కుక్క గోళ్లు విట్రిఫైడ్ టైలును గీకలేవు. అరికాళ్లకు అంటుకుని వచ్చే ఇసుక మాత్రం పైపూతను నెమ్మదిగా అరగదీస్తుంది. గ్లేజ్ ఉన్న టైల్స్‌కు పీఈఐ అని అరుగుదల గ్రేడు ఉంటుంది, 0 నుంచి 5 దాకా. ఇంటికి 3 చాలంటారు. రోజుకు నాలుగైదు సార్లు బయట తిరిగొచ్చే కుక్క ఉంటే నేను 4 అడుగుతాను.

ఇక అసలు విషయం గ్రౌట్. సిమెంట్ గ్రౌట్‌లో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. మూత్రం వాటిలోకి దిగి టైలు కిందికి చేరుతుంది. ఆ తర్వాత ఎంత తుడిచినా పైపైనే. రంధ్రాలు మూసే సీలర్ పూస్తే కొంతకాలం ఆగుతుంది, మళ్లీ మళ్లీ పూస్తుండాలి. సిమెంట్‌కు బదులు రెసిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌట్ దాదాపు ఏమీ పీల్చదు, మరక కూడా పట్టదు. ఖరీదు ఎక్కువ, పూయడం కూడా కష్టం. త్వరగా గట్టిపడుతుంది కాబట్టి మేస్త్రీ చిన్న చిన్న భాగాలుగా కలుపుకుని, వెంటనే తుడుచుకుంటూ పోవాలి. డబ్బు తగ్గించాలనుకుంటే టైలు మోడల్‌లో తగ్గించండి, గ్రౌట్‌లో వద్దు. ఇల్లంతా చేయించలేకపోతే జంతువు తినేచోటు, నీళ్ల గిన్నె పెట్టేచోటు, పడుకునే గది, బాల్కనీ వరకైనా ఎపాక్సీ వేయించండి.

‘జాయింట్ కనపడకుండా టైలుకు టైలు ఆనించి వేస్తాం’ అని కొందరు మేస్త్రీలు గొప్పగా చెబుతారు. ఒప్పుకోకండి. సందు వెంట్రుక వాసి ఉంటే గ్రౌట్ లోపలికి దిగదు, పైన పులిమినట్టు ఉండి రాలిపోతుంది. టైల్స్ మధ్య స్పేసర్లు అనే చిన్న ముక్కలు పెట్టించి కనీసం 2 మిల్లీమీటర్లు, వీలైతే 3 మిల్లీమీటర్ల సందు వదిలించండి. పెద్ద సైజు టైల్స్ తీసుకుంటే మొత్తం జాయింట్లు ఎలాగూ తగ్గుతాయి.

టైలు కింద బోలు లేకుండా చూడటం కూడా ముఖ్యమే. సిమెంట్ మసాలా లేదా టైలు అంటించే అడ్హెసివ్ ఆరాక చెక్క సుత్తితో మెల్లగా తట్టిస్తే ఖాళీ ఉన్నచోట డొల్ల చప్పుడు వస్తుంది. ఆ ఖాళీలోకి తడి చేరితే బయటకు వచ్చే దారి ఉండదు.

పలకల రకం వినైల్, ఎస్‌పీసీ

టైల్స్ మరీ గట్టిగా, చల్లగా ఉంటాయనుకునేవారికి ఎస్‌పీసీ మంచి ప్రత్యామ్నాయం. సున్నపురాతి పొడి, పీవీసీ కలిపి చేసిన గట్టి పలక ఇది. నీళ్లలో నానినా ఉబ్బదు. ఇదే కుటుంబానికి చెందిన డబ్ల్యూపీసీ నురుగులాంటి లోపలి పొరతో కాలికి కాస్త మెత్తగా ఉంటుంది గానీ బరువైన మంచం కోళ్లకు నొక్కు పడుతుంది. కుక్క పెద్దదైతే ఎస్‌పీసీయే.

ఇక్కడ చాలామంది మొత్తం మందం చూసి కొంటారు. గోటి గీతను ఆపేది ఆ మందం కాదు, పైన ఉండే పారదర్శకమైన వేర్ లేయర్. 0.3 మిల్లీమీటర్ల వేర్ లేయర్ పిల్లికి, చిన్న కుక్కకు సరిపోతుంది. పెద్ద కుక్క పరుగెత్తే హాలుకు 0.5 కావాలి. పెట్టె మీద ఆ అంకె లేకపోతే నేనైతే ఆ సరుకు తీసుకోను.

ఈ పలకలు ఒకదానిలో ఒకటి క్లిక్ అయి కూర్చుంటాయి, నేలకు అంటించరు. కింద నేల లెవెల్‌గా లేకపోతే నడిచినప్పుడల్లా పలక కిందికీ పైకీ ఆడి లాక్ విరుగుతుంది, సందు తెరుచుకుంటుంది. రెండు మీటర్ల తిన్నని పట్టీ నేల మీద పెట్టి చూడండి. కింద 3 మిల్లీమీటర్లకు మించి వెలుతురు కనిపిస్తే ముందు నేల సరిచేయించాలి. గోడ వారన వ్యాకోచానికి ఖాళీ వదలడం తప్పనిసరి. ఎండ తిన్నగా పడే గాజు తలుపు దగ్గర పలకలు వేడెక్కి పొంగే ప్రమాదం ఉంది కాబట్టి అక్కడ కర్టెన్ ఉండాలి.

రబ్బరు అడుగున్న మ్యాట్లు వినైల్ మీద వేయకండి. రబ్బరులోని రసాయనాల వల్ల వినైల్ మీద పసుపు మరక పడుతుంది, అది ఇక పోదు. నీళ్ల గిన్నె కింద వేసే మ్యాట్ల విషయంలో ఇది మరీ గుర్తుంచుకోవాలి. రోల్‌గా వచ్చే షీట్ వినైల్‌కు జాయింట్లు చాలా తక్కువ కాబట్టి కుక్కపిల్లకు అలవాట్లు నేర్పే కాలంలో ఒక గదికి పనికొస్తుంది. పలచటి షీటు అంచును పట్టుకుని పిల్ల పీకేయకుండా చూసుకోవాలి.

నేను వద్దనేవి

లామినేట్ లోపల ఉండేది అదిమిన చెక్కపొడి. తడి తగిలిన అంచు నానిన అట్టముక్కలా ఉబ్బుతుంది, ఆరాక మళ్లీ చదును కాదు. ఏసీ3, ఏసీ4 అని దాని మీద రాసేది అరుగుదల గ్రేడు మాత్రమే, తడికి సంబంధం లేదు. అసలైన చెక్క ఫ్లోరింగ్ అందమైనదే. కానీ చెక్కలోని టానిన్లతో మూత్రం కలిసి నల్లమచ్చ పడితే చిత్రిక పట్టినా అడుగు దాకా కనిపిస్తుంది.

మార్బుల్, నాపరాయి రెండూ సున్నపు రాళ్ల జాతివే. వాంతిలో కడుపులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. అది పడిన చోట మార్బుల్ మెరుపు పోతుంది. అది అంటుకున్న మురికి కాదు, రాయి పైపొరే కరిగిపోవడం. రాయే కావాలంటే గ్రానైట్ మేలు, అదీ సీలర్ పూసి. కార్పెట్ గురించి చెప్పడానికి ఏమీ లేదు, వద్దు.

కాలికి పట్టు

కుక్క గోళ్లను నేలలోకి దించి పట్టు తెచ్చుకుంటుంది. నున్నటి గట్టి నేల మీద గోరు దిగదు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి జాతుల్లో తుంటి కీలు సమస్య మామూలు. వెనక కాళ్లు ప్రతిసారీ పక్కలకు జారుతుంటే ఆ కీలుకు నొప్పి పెరుగుతుంది. కుక్క గోడ పట్టుకుని నడుస్తున్నా, గది గుమ్మంలో ఆగి తటపటాయించినా, మోకాళ్లు వంచి పాకుతున్నట్టు నడిచినా అది మొండితనం కాదు, దానికి నేలంటే భయం పట్టింది. మా లాబ్రడార్‌కు వయసు మీరాక దాని నడకే నాకు అన్ని గ్రేడుల కన్నా పెద్ద సాక్ష్యం. కుందేళ్లున్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాటి పాదాలకు కుక్కకున్నట్టు మెత్తలు ఉండవు, బొచ్చే ఉంటుంది. ఏ నున్నటి నేలైనా వాటికి కష్టమే.

టైల్స్ మీద జారుడు గ్రేడు ఆర్9 నుంచి ఆర్13 దాకా ఉంటుంది. జర్మన్ ప్రమాణం అది. గదులకు ఆర్10, బాల్కనీకి, కుక్కకు స్నానం చేయించే చోటికి ఆర్11 అడగండి. అంతకన్నా గరుకు తీసుకుంటే బొచ్చు, దుమ్ము ఇరుక్కుని తుడవడం కష్టమవుతుంది. అమెరికన్ లెక్కలో ఇస్తే తడిసిన నేలకు డీసీఓఎఫ్ (నేల ఇచ్చే పట్టును కొలిచే అంకె) 0.42 లేదా ఎక్కువ ఉండాలి. ఈ గ్రేడులన్నీ మనుషుల నడకను దృష్టిలో పెట్టుకుని ఇచ్చినవి. కాబట్టి నాలుగు శాంపిల్ పలకలు ఇంటికి తెచ్చి, తడిపి, మీ కుక్కను వాటి మీద నిలబెట్టి కూర్చోబెట్టి లేపండి. లేచేటప్పుడు వెనక కాళ్లు ఎటు పోతున్నాయో చూడండి. అరికాలి మెత్తల మధ్య పెరిగిన బొచ్చు కత్తిరించి, గోళ్లు తీసి ఈ పరీక్ష చేస్తేనే నేల సంగతి సరిగ్గా తెలుస్తుంది.

రంగు గురించి ఒక్క మాట. మరకలు కనపడకూడదని ముదురు రంగు తీసుకోకండి. మూత్రంలో రక్తం, వాంతిలో పసుపు, విరేచనంలో మార్పు కనిపిస్తేనే జబ్బు ముందుగా పట్టుకోగలం. లేత లేదా మధ్యస్థపు రంగు, సన్నటి చుక్కలుంటే బొచ్చు కూడా అంతగా కొట్టొచ్చినట్టు కనపడదు.

వేయించేటప్పుడు

వినైల్ రకాలు వేయడానికి ముందు కింది కాంక్రీటులో చెమ్మ ఉందేమో చూడాలి. 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించి కనీసం 16 గంటలు ఉంచండి. తీసినప్పుడు లోపల నీటి చుక్కలున్నా, నేల ముదురు రంగుకు మారినా ఇంకా ఆరలేదని లెక్క.

మగ కుక్క కాలెత్తేది గోడ మీదకే. అక్కడి నుంచి జారే మూత్రం స్కర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ) కింది సందులోకి పోతుంది. టైలు నేలకు టైలు స్కర్టింగే వేయించి, కింది జాయింటును కూడా ఎపాక్సీతో నింపించండి. ఎస్‌పీసీ అయితే గోడ వారన వదిలిన ఖాళీని ఫోమ్ తాడుతో, పైన సిలికాన్‌తో మూయించాలి. సిమెంట్‌తో మూసేస్తే పలకకు వ్యాకోచించే చోటు ఉండదు. చెక్కపొడి స్కర్టింగ్‌ను కుక్కపిల్లలు కొరికేస్తాయి, తడికీ ఆగదు. బాల్కనీకి నీళ్లు పోయే వాటం సరిగ్గా ఉందో లేదో గ్రౌట్ నింపకముందే బకెట్ నీళ్లు పోసి చూడండి, తర్వాత సరిచేయడం కుదరదు.

తుడవడంలో కూడా నేల ఆయుష్షు ఉంది. ముందు గుడ్డతో అద్ది పీల్చి, ఆపైన మూత్రంలోని పదార్థాలను విడగొట్టే ఎంజైమ్ క్లీనర్ వేసి అది చెప్పినంత సేపు తడిగా ఉంచాలి. మూత్రం మీద బ్లీచ్ పోయకండి, అమ్మోనియాతో కలిసి ప్రమాదకరమైన క్లోరమైన్ వాయువు వస్తుంది. పిల్లులున్న ఇంట్లో ఫినాయిల్ అసలు వాడొద్దు. ఫినాల్ జాతి రసాయనాలను పిల్లి కాలేయం సరిగ్గా వదిలించుకోలేదు, అది పాదాలు నాక్కుంటుంది కాబట్టి నేల మీదిది నేరుగా కడుపులోకి పోతుంది. టాయిలెట్ యాసిడ్ సిమెంట్ గ్రౌట్‌ను తినేస్తుంది. ఆవిరితో తుడిచే మాప్ ఎస్‌పీసీకి, లామినేట్‌కు పనికిరాదు. పాత మరక ఎక్కడుందో తెలియకపోతే చీకట్లో యూవీ టార్చి వేస్తే చాలాసార్లు దొరుకుతుంది.

కొనేటప్పుడే అదే బ్యాచ్ నంబరువి ఒక పెట్టె ఎక్కువ తీసుకుని దాచండి, తర్వాత ఆ షేడ్ దొరకదు. ఎపాక్సీ, సిలికాన్ పూర్తిగా గట్టిపడేదాకా జంతువుల్ని వేరే గదిలో ఉంచండి. డబ్బా మీద ఎన్ని గంటలని రాసి ఉంటుందో అన్ని గంటలూ ఆగాలి. మనం పచ్చిగా ఉందని తెలిసి దాటి వెళ్తాం, పిల్లి మాత్రం తొక్కి, ఆ కాలే నాకుతుంది.