ఇంటి నిర్మాణ వ్యయాన్ని కొలతల నుంచి లెక్కగట్టే పద్ధతి

ఇల్లు కట్టదలచిన వారు మొదట అడిగేది చదరపు అడుగుకు ఎంత పడుతుందనే. చేతిలో ఉన్న డబ్బుకు అనుకున్న ఇల్లు అందుతుందో లేదో, బ్యాంకు రుణం ఏ మేరకు అవసరమో తేల్చుకోవడానికి ఆ అంకె సరిపోతుంది గాని, దాన్ని పట్టుకుని కాంట్రాక్టు కుదుర్చుకోకూడదు. ఒకే వైశాల్యమున్న రెండు ఇళ్లలో గోడల పొడవు, పునాది లోతు, టైల్స్ రకం వేరువేరుగా ఉంటాయి. సంపు, సెప్టిక్ ట్యాంకు, బోరు, ప్రహరీ గోడ ఆ ధరలో కలిశాయో లేదో విడిగా అడిగితే తప్ప తెలియదు. ప్రతి పనినీ కొలిచి, ఆ పరిమాణాన్ని స్థానిక ధరతో హెచ్చించి, అన్నింటినీ కూడడమే నమ్మదగిన పద్ధతి.

దీనికి గదుల ప్లాను ఒక్కటే చాలదు. గోడల ఎత్తు, బేస్‌మెంట్ (నేల మట్టం నుంచి ఇంటి గచ్చు దాకా ఉండే భాగం) ఎత్తు చూపే సెక్షన్ అనే నిలువు కోత చిత్రం, పిల్లర్లు, బీములు, స్లాబుల్లో వేయవలసిన ఊచల వివరాలు చూపే స్ట్రక్చరల్ డ్రాయింగు కూడా చేతిలో ఉండాలి. నేల స్వభావం అంతకంటే ముందే తెలియాలి. నల్లరేగడి తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు వారుతుంది కాబట్టి, అలాంటి చోట ఫుటింగులను, అంటే పిల్లర్ల కింది పునాది దిమ్మెలను, గట్టి నేల దాకా దించి, గోతుల్లో తిరిగి అదే మట్టి పోయకుండా ఇసుకో మొరమో నింపవలసి వస్తుంది. ఎర్రమట్టి నేలకు వేసిన అంచనాను నల్లరేగడి స్థలానికి వాడుకుంటే పునాది దశలోనే లెక్క తప్పుతుంది.

గోడల కింద వరుసగా నడిచే పునాదికి మధ్యరేఖ పద్ధతి తేలిక. అన్ని గోడల మధ్యరేఖల పొడవును కూడి, ఒక గోడ మరో గోడకు వచ్చి తగిలే ప్రతి చోటా పునాది వెడల్పులో సగం తీసివేసి, మిగిలిన పొడవును వెడల్పుతోనూ లోతుతోనూ గుణిస్తే ఘనపరిమాణం వస్తుంది. పిల్లర్ల ఇంటికైతే ఒక్కో ఫుటింగ్ గోతిని కొలిచి సంఖ్యతో గుణిస్తే చాలు.

స్లాబు లెక్కను ఒక ఉదాహరణతో చూద్దాం. ఇల్లు 1,000 చదరపు అడుగులే అయినా ముందు పోర్టికో, చుట్టూ బయటికి వచ్చే భాగం కలిసి స్లాబు 1,100 చదరపు అడుగులు ఉందనుకుందాం. మందం 5 అంగుళాలైతే కాంక్రీటు సుమారు 458 ఘనపుటడుగులు, అంటే 13 ఘనపు మీటర్లు. ఇనుప ఊచలు వేసి పోసే కాంక్రీటు (ఆర్‌సీసీ) పనికి ఎం20 కంటే తక్కువ బలపు గ్రేడు వాడకూడదు. సిమెంటు, ఇసుక, కంకరలను 1 : 1.5 : 3 పాళ్లలో కలిపితే ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు, 0.42 ఘనపు మీటర్ల ఇసుక, 0.84 ఘనపు మీటర్ల కంకర పడతాయి. ఈ లెక్కన మన స్లాబుకు దాదాపు 105 బస్తాల సిమెంటు, 193 ఘనపుటడుగుల ఇసుక, 386 ఘనపుటడుగుల కంకర కావాలి. తడి ఇసుక ఉబ్బి ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి, ట్రాక్టరు ట్రక్కు నిండా వచ్చిన ఇసుకంతా లెక్కకు నిలవదన్న విషయం ఆర్డరు ఇచ్చేటప్పుడు గుర్తుంచుకోవాలి.

స్లాబు ఇనుమును ఘనపు మీటరుకు 80 కిలోల చొప్పున తీసుకోవడం తొలి అంచనాకు మాత్రమే తగును. కొనేముందు డ్రాయింగు చూసి ఊచల పొడవులు కూడాలి. ఊచ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాని వర్గాన్ని 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 8 ఎం.ఎం. ఊచ మీటరుకు 0.395 కిలోలు, 12 ఎం.ఎం. ఊచ 0.888 కిలోలు తూగుతుంది. అతుకులకు, వంపులకు పట్టే పొడవును కలిపి, కోతలో పోయే ముక్కలకు 3 నుంచి 5 శాతం చేర్చాలి. ఊచలను కట్టే బైండింగ్ వైరు, కాంక్రీటు గట్టిపడేదాకా మోసే తాత్కాలిక అచ్చు (సెంట్రింగ్) ఖర్చు వేరుగా రాయాలి.

గోడలను కొలిచేటప్పుడు తలుపులు, కిటికీలు, వాటి పైన అడ్డంగా వేసే కాంక్రీటు లింటెళ్లు తీసివేయాలి. 30 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న 9 అంగుళాల గోడ 225 ఘనపుటడుగులు. అందులో 3.5 × 7 అడుగుల తలుపు, 4 × 4 అడుగుల కిటికీ ఒక్కొక్కటి పోగా 195 కంటే తక్కువే మిగులుతుంది. ప్రామాణిక ఇటుకలు ఘనపు మీటరుకు 500 పడతాయి గనుక, ఆ రెండు ఖాళీలు మరచిపోతే ఒక్క గోడకే 400 పైచిలుకు ఇటుకలు ఎక్కువ లెక్కపడతాయి. అయితే మన బట్టీల ఇటుక కొలత ఊరూరికీ మారుతుంది కాబట్టి, స్థానిక ఇటుకను సిమెంటు పొరతో సహా కొలిచి ఈ సంఖ్యను సరిచూసుకోవాలి. ప్లాస్టరింగుకు నియమం వేరు. అర చదరపు మీటరు లోపు ఖాళీని తీసివేయరు. అంతకు మించి 3 చదరపు మీటర్ల దాకా గోడకు ఒక వైపు మాత్రమే తీసివేస్తారు. ఇది ముందే ఒప్పందంలో లేకపోతే మేస్త్రీతో కొలతల దగ్గర మాట పెరుగుతుంది.

బేస్‌మెంట్ నింపుడు చాలామంది అంచనాల్లో కనబడదు. 1,000 చదరపు అడుగుల ఇంటికి 3 అడుగుల ఎత్తు నింపాలంటే సుమారు 3,000 ఘనపుటడుగులు కావాలి. తడిపి దిమ్మిస వేస్తే మట్టి అణుగుతుంది గనుక మరో ఐదో వంతు ఎక్కువే తెప్పించుకోవాలి.

ధరల విషయంలో ప్రభుత్వ శాఖల ప్రామాణిక ధరల పట్టిక పోల్చిచూసుకోవడానికి మంచి ఆధారం. అయినా రవాణాతో కలిపి పనిచోటికి చేరే ధరను కనీసం ముగ్గురు అమ్మకందారులను అడిగి రాసుకోవాలి. పన్నులూ లెక్కలోకి రావాలి. ఒకే కుటుంబానికి కట్టే విడి ఇంటిలో కూలీ మాత్రమే ఇచ్చే లేబర్ కాంట్రాక్టుకు జీఎస్టీ మినహాయింపు ఉంది. మెటీరియల్‌తో సహా అప్పగిస్తే పన్ను పడుతుంది. సిమెంటుపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాక 18 శాతమే కాబట్టి, అంతకుముందు వేసిన అంచనాను మళ్లీ చూడాలి.

పరిమాణం, ధర, మొత్తం అన్న మూడు వరుసలతో పట్టిక పూర్తయ్యాక, కరెంటు, ప్లంబింగు, రంగులు, తలుపుల చెక్క, అనుమతి రుసుములు వేటికవి చేర్చి, ఊహించని ఖర్చులకు 5 నుంచి 10 శాతం కలపాలి. ధరలు విచారించిన తేదీని పట్టిక పైనే రాసి, పునాది ముగిసినప్పుడు ఒకసారి, స్లాబు పడిన తరువాత ఇంకోసారి, నిజంగా అయిన ఖర్చును అంచనా పక్కనే నమోదు చేసి, మిగిలిన పనుల అంకెలను ఆ మేరకు దిద్దుకోవాలి.