అరిగిన సమాధి రాళ్లు చదవడానికి టార్చి, గొడుగు

అమెరికాలోని టెక్సాస్‌లో, 1846లో ఏర్పడిన ఫ్రెడరిక్స్‌బర్గ్ ఊరి చుట్టుపక్కల జర్మన్ వలసదారుల పాత పల్లె శ్మశానాలు చూడటానికి వెళితే ఒకటే చిక్కు: మెత్తటి సున్నపురాయి అరిగిపోయి పేర్లూ తేదీలూ ఎండలో అసలు కనబడవు.

రాయి మీద గొడుగుతో నీడ పట్టించండి. టార్చిని ఎదురుగా కాకుండా, రాతి అంచుకు దాదాపు ఆనించి, పక్క నుంచి వెలుగు రాసుకుంటూ పోయేలా పట్టుకోండి. చెక్కిన గీతల్లో నీడ పడి, లేదనుకున్న అక్షరం తేలుతుంది. ఫ్లాష్ ఆపి, టార్చి వెలుగు ఎడమ నుంచి పట్టి ఒకటి, పై నుంచి పట్టి ఒకటి ఫొటో తీయండి. ఒకదానిలో కనబడని గీత రెండోదానిలో దొరుకుతుంది. తేదీ ముందు జర్మన్ పొట్టి మాట ‘గెబ్’ (geb.) ఉంటే పుట్టినది, ‘గెస్ట్’ (gest.) ఉంటే చనిపోయినది. ఈ రెండూ పట్టుకుంటే సగం రాయి చదివినట్టే.

రాతి పైపొర పెచ్చులుగా ఊడిపోయినా, పాచి మందంగా పట్టినా ఇది పనిచేయదు. అప్పుడు సుద్ద పూయడం, షేవింగ్ క్రీమ్ రాయడం, బ్రష్‌తో గీకడం దయచేసి చేయకండి. మిగిలిన ఆ కాస్త అక్షరమూ రాలిపోవచ్చు. చాలా శ్మశానాలు సొంత పొలాల్లో ఉంటాయి కాబట్టి, యజమానిని అడిగాకే లోపలికి వెళ్లండి.