కుమ్మరి ఊరికి వెళ్లేముందు ఆవం ఎప్పుడో కనుక్కోండి

కుండలు చేసే ఊరికి వెళ్లొచ్చిన వాళ్లని ఏం చూశారని అడిగితే చాలామంది సారె గురించే, అంటే కుమ్మరి చక్రం గురించే చెబుతారు. గిర్రున తిరుగుతున్న సారె మీద మట్టిముద్ద రెండు నిమిషాల్లో కుండైపోయింది, వీడియో తీశాం, రెండు కూజాలు కొన్నాం, వచ్చేశాం. తప్పేం లేదు, నేనూ మొదటిసారి అంతే చేశాను. కానీ ఒక కుండకి పట్టే రోజుల్లో సారె మీద గడిచేది ఆ కాసేపే. మిగతాదంతా మట్టి నానడం, ఆరడం, దెబ్బలు తినడం, కాలడం. అదంతా చూడాలంటే ఏ ఊరికి వెళ్లామన్న దానికంటే ఏ రోజు వెళ్లామన్నదే ముఖ్యం.

అందుకని ముందు ఫోన్ చేయండి. "తెరిచి ఉంటుందా" అని కాదు, "ఆవం ఎప్పుడు పెడుతున్నారు, ఎప్పుడు తీస్తారు" అని అడగండి. ఆవం అంటే కుండలు కాల్చే బట్టీ. చిన్న కుటుంబాలు రోజూ కాల్చవు, ఆవం నిండేంత సరుకు పోగయ్యాక అంతా ఒకేసారి కాలుస్తాయి. కాల్చే రోజు పొగ, వేడి, టెన్షన్, మీతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. అది చల్లారాక బూడిద పక్కకి తోసి ఒక్కో కుండ బయటికి తీసే పూట దొరికితే మాత్రం వదులుకోవద్దు. ఎన్ని నిలిచాయో, ఎన్ని పగిలాయో వాళ్లకీ అప్పుడే తెలుస్తుంది, మంట ఎటు ఎక్కువ తగిలిందో కుండ మీద మచ్చలు చూపించి మరీ చెబుతారు. వాన రోజుల్లో వెళ్లకండి. ఎండ లేకపోతే పచ్చికుండలు ఆరవు, ఆరుబయట పేర్చే ఆవం అసలు వెలగదు, మీరు వెళ్లి ఖాళీ సారె చూసి రావాలి.

ఇంకో సంగతి, అన్ని ఊళ్లలో పని ఒకటే కాదు. మణిపూర్‌లోని లోంగ్పీలో సారె వాడనే వాడరు. ఒక రకం రాతిని పొడి కొట్టి మట్టితో కలిపి చేతులతోనే పాత్రలు చేస్తారు, కాలిన వేడిమీదే ఆకులతో రుద్దితే ఆ నల్లటి నిగారింపు వస్తుంది. రాజస్థాన్‌లోని మోలేలా అయితే కుండల కంటే దేవతల మట్టి పలకలకే పేరు. బెంగాల్‌లోని పాంచ్‌మురాలో గుర్రం కాళ్లు, మెడ, ఒళ్లు విడివిడిగా సారె మీద చేసి తర్వాత అతుకుతారు. గుర్రాన్ని సారె మీద ఎలా చేస్తారబ్బా అని నేను చాలాకాలం బుర్ర గోక్కున్నాను. జపాన్‌లోని ఓంటాలో వాగు నీళ్లతో నడిచే పెద్ద చెక్క రోకళ్లు గట్టి మట్టిని దంచుతూ ఉంటాయి, అక్కడికి వెళ్తే కళ్లకంటే ముందు చెవులకి పని. కాబట్టి మీకు ఏం చూడాలనుందో ముందు తేల్చుకుని ఊరు ఎంచుకోండి.

పొద్దున్నే చేరండి. పొద్దున సారె మీద తీసినవి సాయంత్రానికి కాస్త గట్టిపడి తర్వాతి పనికి వస్తాయని చాలాచోట్ల మొదటి పని అదే పెట్టుకుంటారు. పది దాటాక వెళ్తే మీకు కనిపించేది వరసగా ఆరబెట్టిన కుండలు, టీ తాగుతున్న మనుషులు.

వెళ్లగానే సారె దగ్గరికి పరిగెత్తకుండా మట్టి కుప్ప దగ్గర ఒక పది నిమిషాలు నిలబడండి. మట్టిని నానబెట్టి, జల్లించి, తొక్కి, పిసికి, మధ్యలో చేతికి తగిలిన ప్రతి చిన్న గులకరాయినీ ఏరి పారేస్తుంటారు. ఇంత చాదస్తం ఎందుకని అడగండి, చెబుతారు. అందులో సున్నపురాయి నలుసు ఒక్కటి మిగిలినా కాలినప్పుడు అది కాల్చిన సున్నంగా మారుతుంది, ఆ తర్వాత గాలిలో తేమ పీల్చుకుని ఉబ్బుతుంది. కుండ బాగానే ఉందని కొనుక్కెళ్తాం, కొన్నాళ్లకి ఇంట్లో ఉన్నట్టుండి పైన పెచ్చు ఊడిపోతుంది, లోపల తెల్లచుక్క కనిపిస్తుంది. మట్టిలో ఇసుకో, ఊకో, పేడో కలపడం కూడా చూస్తారు. ఊక, పేడ ఆవంలో కాలిపోయి సన్నటి రంధ్రాలు మిగులుతాయి, ఇసుకేమో మట్టి మరీ ముడుచుకుపోకుండా ఆపుతుంది. మొత్తమ్మీద కుండ బీటలు వారకుండా వేడికి తట్టుకునేది ఆ కలపడంలోనే ఉంది.

అడుగు గుండ్రంగా ఉండే కుండ సారె మీద పూర్తవ్వదు, ఇది చాలామంది గమనించరు. సారె మీద మెడ, అంచు, మందపాటి ఒళ్లు వస్తాయి అంతే. కాస్త ఆరాక ఒడిలో పెట్టుకుని, లోపల ఎడంచేత్తో గుండ్రటి రాయి ఆనించి, బయట కుడిచేత్తో చెక్కతో తట్టుకుంటూ తిప్పుకుంటూ పోతారు. గోడ పల్చబడుతూ కుండ కళ్లముందే పెద్దదవుతుంది. మట్టి పచ్చిగా ఉన్నప్పుడు తప్‌ తప్‌ మని మెత్తగా వచ్చే చప్పుడు గోడ పల్చబడి గట్టిపడేకొద్దీ టక్‌ టక్‌ మంటుంది, చెయ్యి చూసుకోకుండా ఆ చప్పుడు వింటూ కొట్టేవాళ్లని చూశాను. నన్నడిగితే సారె కంటే ఇదే పెద్ద పనితనం. వీడియో తీసుకుంటే ఇది తీసుకోండి. అడిగి తీసుకోండి, ఎండకి అడ్డం నిలబడి మాత్రం తీయకండి, ఆ ఎండ కుండల కోసం.

ఆరుతున్న వాటిని ముట్టుకోవద్దు. ఇది నేను చేసిన తప్పు కాబట్టి గట్టిగా చెబుతున్నాను. చూడ్డానికి పూర్తిగా ఎండినట్టే ఉంది, అంచు పట్టుకుని ఎత్తాను, కుండ అక్కడే ఉంది, అంచు నా చేతిలో ఉంది. ఆ పెద్దాయన ఒక్క మాటా అనకుండా నా చేతిలో ముక్క తీసుకుని, కుండతో సహా నానబెట్టే తొట్టిలో వేసేశారు. కాల్చని మట్టి ఎంత ఎండినా నీళ్లలో పడితే మళ్లీ బురదే. ఆవంలో సుమారు 500 నుంచి 600 డిగ్రీల దగ్గర మట్టి లోపల ఇమిడి ఉన్న నీరు కూడా పోతుంది, అది పోయాక ఇక వెనక్కి రాదు, పగిలితే పెంకే.

సారె మీద మీరూ కూర్చుంటారా? గోళ్లు కత్తిరించుకుని, ఉంగరాలు తీసేసి, పొట్టి చేతుల చొక్కాతో వెళ్లండి. మట్టిముద్దని సరిగ్గా మధ్యకి తేవడమే సగం విద్య, అది తేలకుండా బొటనవేలు దించితే కుండ ఊగుతూ ఊగుతూ చివరికి ఒరిగిపోతుంది. మోచేతులు తొడలకి ఆనించుకోండి, చేతులు తడిగా ఉంచుకోండి, బలం కంటే కదలకుండా ఉండటం ముఖ్యం. చేసినదాన్ని ఆ రోజే ఇంటికి తీసుకెళ్తామని పట్టుపట్టకండి. తడి ఉండగా మంటలో పెడితే లోపలి నీరు ఆవిరై కుండ పేలిపోతుంది, పక్కన ఉన్నవీ పోతాయి. కాల్చి పంపగలరేమో అడగండి, లేదంటే ఫొటో తీసుకుని మట్టి వాళ్లకే ఇచ్చేయండి.

కొనేటప్పుడు అరచేతిలో పెట్టుకుని వేలి కణుపుతో కొట్టి చూడండి. ఖణేల్‌మంటే మంచిది, బొంగురుగా పలికితే ఎక్కడో బీట ఉంది. లోపలికి వేళ్లు పోనిచ్చి చూస్తే సారె మీద తీసినదానికి సన్నటి చుట్లు తగులుతాయి, అచ్చులో పోసినదానికి సాధారణంగా ఆ చుట్లుండవు, సరిగ్గా నున్నగా చేయకపోతే నిలువుగా ఒక అతుకు గీత కనిపిస్తుంది. అచ్చుదైతే మోసమని కాదు, చేత్తో చేసిందన్న ధర పెట్టకండి అంతే. పేరున్న ఊళ్లలో బయటి సరుకు తెచ్చి అమ్మే కొట్లూ ఉంటాయి కాబట్టి పని జరుగుతున్న చోటే కొనడం నయం. కొంచెం వంకరపోయినవి, మచ్చపడ్డవి పక్కన పెట్టి ఉంటాయి, అడిగితే తక్కువకి ఇస్తారు. నాకు అవే ఇష్టం.

వంటకైతే ఆ మాట ముందే చెప్పండి. నీళ్ల కుండకీ పొయ్యి మీద పెట్టే కుండకీ మట్టి పాళ్లు వేరుగా ఉండొచ్చు. ఆయిల్ పెయింట్ వేసినవి అలంకారానికే. తళతళలాడే రంగుల పూత ఉంటే అందులో సీసం లేదని గట్టిగా చెప్పగలిగితేనే తినడానికి వాడండి, పులుపు తగిలితే పూతలోంచి సీసం దిగుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని నిజామాబాద్ నల్ల కుండల మీద వెండిలా మెరిసే గీతలకి సంప్రదాయంగా జింకు, పాదరసం కలిపిన పొడి రుద్దుతారు, కాబట్టి అవి షోకేసులోకే. ఆ నలుపు మాత్రం రంగు కాదు, ఆవంలోకి గాలి పోకుండా మూసేసి పొగలో కాల్చితే ఎర్రమట్టే నల్లబడుతుంది.

ఇంటికి తెచ్చేటప్పుడు ముందు కుండ లోపల బట్టలు కుక్కండి, తర్వాత బయట చుట్టండి, ఒకదాంట్లో ఒకటి దూర్చకండి. పూతలేని వంట కుండని ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, ఆరాక మొదటిసారి బియ్యం కడిగిన నీళ్లు పోసి సన్నమంట మీద కాచండి, ఆ పిండి సన్నటి రంధ్రాలని పూడుస్తుంది. దించిన వెంటనే తడి గట్టు మీద పెట్టకండి, కింద మడత పెట్టిన గుడ్డ వేయండి.