అద్దె ఇంట్లో కరెంటు తనిఖీ

పర్లాకిమిడిలో ఇల్లు అద్దెకిచ్చేవారు, పాతవారు ఖాళీ చేసి కొత్త కుటుంబం దిగేలోపు, లైసెన్సున్న వైర్‌మ్యాన్‌తో వైరింగంతా పరీక్ష చేయించాలి. ముందుగా 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉందో లేదో చూడండి. కరెంటు ఉండగా దాని టెస్ట్ బటన్ నొక్కిన వెంటనే మీట పడకపోతే మార్చించవలసిందే, ఎందుకంటే ఎంసీబీ (లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా కరెంటు ఆపే స్విచ్) ఒక్కటే మనిషిని షాక్ నుంచి కాపాడలేదు. అయితే మీట పడినంతమాత్రాన ఎర్త్ బాగున్నట్టు కాదు, దాని నిరోధాన్ని వేరుగా కొలిపించాలి. పాత పెంకుటిళ్ళలో మూడు రంధ్రాల సాకెట్టు కనిపించినా వెనక ఎర్త్ వైరే లేకపోవచ్చు. పిల్లలు తిరిగే ఇంట్లో దీన్ని ఉపేక్షించకండి. గీజరు సాకెట్టు చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగితే లోపల వైరు వదులై వేడెక్కుతోందని అనుమానించి, మెయిన్ ఆపించి విప్పించండి.